సీరియల్ వేళకు పెట్టిన బడి

వయోజన విద్య పనిలోకి వచ్చే ప్రతి ఒక్కరూ మొదటి వారంలోనే ఒక సంగతి తెలుసుకుంటారు. పెద్దవాళ్ళకు చదువు చెప్పడం కష్టం కాదు. వాళ్ళను తెచ్చి కూర్చోబెట్టడం కష్టం. పిల్లవాడు బడికి రాకపోతే వాళ్ళమ్మకు చెప్తాం. అమ్మే రాకపోతే ఎవరికి చెప్పాలి?

నేను హైస్కూల్లో తెలుగు టీచరుగా చేసి, చివరి కొన్నేళ్ళు డిప్యుటేషన్ మీద వయోజన విద్య చూశాను. జగ్గయ్యపేట నుంచి నందిగామ దాకా హైవేకి అటూ ఇటూ ఉన్న ఊళ్ళలో సాయంత్రం బడులు ఎలా నడుస్తున్నాయో చూసి రావడం నా పని. ఆటో ఎక్కడం, దిగడం, తాళం వేసి ఉన్న గది ముందు నిలబడి ఫోను చేయడం. ఎక్కువ రోజులు ఇలాగే గడిచేవి. రిటైరయ్యాక కూడా మరిచిపోలేని బడి ఒకటుంది. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న మీకు దాని గురించే చెప్పాలి.

ఆ ఊరు హైవే దిగి కొంచెం లోపలికి వెళ్తే వస్తుంది. పత్తి, మిర్చి పండే నేల. ఆడవాళ్ళందరూ కూలిపనికో, సొంత చేలోకో వెళ్ళేవాళ్ళే. మగవాళ్ళలో కొందరు సున్నపురాయి క్వారీల్లో టిప్పర్లు తోలతారు. అక్కడ బడి నడిపే అమ్మాయి ఆ ఊరి కోడలే. డిగ్రీ చదువుకుంది, ఓపిక ఉంది, గొంతు చిన్నది. ఊళ్ళో ఆడవాళ్ళు ఆమెను టీచరమ్మ అనేవాళ్ళు. నన్ను మేడంగారు అనేవాళ్ళు.

నేను మొదటిసారి చెప్పకుండా వెళ్ళిన సాయంత్రం ప్రాథమిక పాఠశాల వరండాలో లైటు వెలుగుతోంది. బోర్డు మీద 'అల, వల, పడవ' అని ముత్యాల్లాంటి అక్షరాలు ఉన్నాయి. మనిషి మాత్రం లేడు. టీచరమ్మ కూడా లేదు. పక్క సందులోంచి గట్టిగా అరుపులు వినిపించాయి.

"పెట్టొద్దే! పెట్టొద్దే సంతకం! ఒసే నీకు బుద్ధుందా?"

ఎవరో కొట్టుకుంటున్నారేమోనని కంగారుగా వెళ్ళాను. ఒక ఇంట్లో పెద్ద టీవీ. దాని ముందు చాపల మీద, గడప మీద, గుమ్మం బయట మెట్ల మీద, నా బడిలో ఉండాల్సిన వాళ్ళందరూ ఉన్నారు. గోడకు ఆనుకుని టీచరమ్మ. నన్ను చూసి ఆ పిల్ల ముఖం పాలిపోయింది. లేవబోయింది. ఆ ఇంటావిడ ఆమె చెయ్యి పట్టి కూర్చోబెట్టి, నాకు కూడా కుర్చీ చూపించింది.

"కూసోండి మేడంగారూ. ఏం తిట్టినా అడ్వటైజ్‌మెంట్ వచ్చినప్పుడు తిట్టండి."

ఊరంతా ఆమెను పెద్దత్త అని పిలుస్తుంది. అరవై దాటిన మనిషి. భర్త పోయాక కౌలు భూమి తనే చేయించుకుంటూ, ఊళ్ళో ఎవరింట్లో తగాదా వచ్చినా ముందుగా వెళ్ళే రకం. నేను కూర్చున్నాను. ఆ మాటకు ఎదురు చెప్పే ధైర్యం నాకు రాలేదు.

సీరియల్లో కథ ఇదీ. పచ్చళ్ళ వ్యాపారం పెట్టి పైకొచ్చిన కోడలు ఒకామె. ఆస్తికి వారసులు పుట్టకూడదని ఆమె ఆడపడుచు ఒక డాక్టరుతో కుమ్మక్కైంది. కోడలికి కడుపునొప్పి వస్తే ఆ డాక్టరు, గర్భసంచిలో గడ్డ ఉంది, వెంటనే తీసేయకపోతే ప్రాణానికే ప్రమాదం అంటాడు. ఆ కోడలు కన్నీళ్ళు పెట్టుకుని, ఒక్క మాట కూడా అడగకుండా కాగితం మీద సంతకం పెట్టబోతుంది. ఆ కలం కొస కాగితాన్ని తాకేలోపు ప్రకటనలు వచ్చాయి.

నేను తిట్టడానికి నోరు తెరిచాను. అప్పటికే అక్కడ నాకు చోటు లేదు.

"అంత వ్యాపారం చేసేది, ఆమాత్రం అడగొద్దా?" అంది ఒకామె.

"ఏమని అడిగిద్ది? డాక్టరు చెప్తే తెలీదంటామా?" అంది ఇంకొకామె.

"నన్నెవరూ ఏం చెప్పలా. నొప్పి అని పోతే తీసేశారు. వెయ్యమన్న చోట వేలుముద్ర వేశా" అంది గడప మీద కూర్చున్న మూడో ఆమె. అలా అని చీర కొంగు సరిచేసుకుంది.

తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు. వాళ్ళలో కొందరికి అప్పటికే ఆ ఆపరేషన్ అయిపోయిందని నాకు ఆ రోజే తెలిసింది. ఎందుకు చేశారని అడిగితే ఎవరికీ సరిగ్గా తెలియదు. ఎడతెగని ఆ మాటల మధ్య నేను మా వరండాలోని 'అల, వల, పడవ' గురించి ఆలోచిస్తున్నాను. మా ప్రాంతంలో అలలు లేవు. మునేరులో ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసకే కనిపిస్తుంది.

తిరిగి వస్తుంటే టీచరమ్మ హైవే దాకా నాతో నడిచింది. "మేడం, సారీ అండి. బతిమాలి పిలుచుకొద్దామని పోయా. నేనూ కూసుండిపోయా" అంది.

"ఆ సీరియల్ ఎన్ని గంటలకి?"

"ఏడింటికండి."

"అయితే మన బడి ఆరున్నరకి. పెద్దత్త ఇంట్లోనే. సీరియల్ అయ్యాక మళ్ళీ అరగంట."

ఇంత చక్కటి ఆలోచన వచ్చిందని సంతోషపడి, దాన్ని మేమిద్దరం కలిసి ఎంత త్వరగా పాడుచేశామో చెప్తే మీకు నవ్వొస్తుంది. పాత్రల పేర్లు బోర్డు మీద రాసి ఖాళీలు పూరించమన్నాం. ఆడపడుచు మంచిదా చెడ్డదా, ఒక వాక్యంలో రాయమన్నాం. మూడో రోజుకే పెద్దత్త పలక పక్కన పెట్టేసింది.

"ఏందండీ మేడంగారూ, ఉన్న ఒక్క సంతోషాన్ని కూడా పాఠం చేశారు!"

ఆమె మాటలో నిజం ఉంది. వాళ్ళు వాదించుకుంటున్నప్పుడు అక్కడ చదువు ఉంది. మేము దాన్ని వాదన లోంచి పీకి బోర్డు మీద ఎండబెట్టాం. ఆ తర్వాత నుంచి పద్ధతి మార్చాం. ముందు కావలసినంతసేపు వాదించుకోనిచ్చేవాళ్ళం. ఆ వాదనలో ఏ మాట ఎక్కువసార్లు వస్తే ఆ మాట బోర్డు మీదికి ఎక్కేది. సంతకం. స్కానింగు. గడ్డ. ఆడపడుచు. ఈ మాటల్లో ఒత్తులూ దీర్ఘాలూ ఉన్నాయి, వాచకం ప్రకారం అవి చివరి పాఠాల్లో రావాలి. వాళ్ళకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి హాయిగా రాసేశారు.

ఒక రోజు టీచరమ్మ మెల్లగా అంది, "ఆమె ఏం అడిగి ఉండాల్సిందో మనమే రాద్దామా?"

ఆ పిల్ల ఆ మాట అన్నప్పుడు దాని విలువ మా ఇద్దరికీ తెలియదు. వారం పది రోజుల పాటు ఆ సీను రాసుకున్నారు. ఒకామె చెప్తే ఒకామె రాసేది. మరొకామె "డాక్టరుతో అట్టా మాట్లాడితే ఊరుకుంటాడా, అండి పెట్టు" అని దిద్దేది. చివరికి నాలుగు ప్రశ్నలు మిగిలాయి. నాకేమైందండీ? మందులతో తగ్గదా అండీ? ఇప్పుడే చెయ్యకపోతే ఏమైద్దండీ? ఇంకో డాక్టరుగారికి చూపించుకుని రావచ్చా అండీ?

రాశాక ఆడకుండా ఉంటారా? పెద్దత్త డాక్టరైంది. మెడలో తువ్వాలు వేసుకుని దాని కొస చేత్తో పట్టుకుంది. కోడలి వేషం మాత్రం ఎవరూ వేయనన్నారు, అందరికీ ఆడపడుచే కావాలి. చివరికి మూలన కూర్చునే ఒకామెను లేపారు. టిప్పర్ డ్రైవర్ భార్య, ఇద్దరు పిల్లల తల్లి. నోట్లో నాలుక లేని మనిషి. బడిలో ఆమె గొంతు నేను అంతవరకూ వినలేదు. నా మనసులో ఆమెను నెమ్మదస్తురాలు అనుకునేదాన్ని.

"నాకేమైందండీ" అంది ఆమె, నేల చూస్తూ.

"గట్టిగా మాట్లాడమ్మా! నాకు వినపడట్లా. బయట పేషెంట్లు ఉన్నారు, తొందరగా చెప్పు" అని అరిచింది డాక్టరు పెద్దత్త.

అందరూ పడీపడీ నవ్వారు. నెమ్మదస్తురాలు కూడా నవ్వింది. మళ్ళీ అడిగింది. పెద్దత్త మళ్ళీ కసిరింది. అలా ఎన్ని సాయంత్రాలు ఆడారో! ఆడిన కొద్దీ డాక్టరు ఇంకా దుర్మార్గుడయ్యేవాడు. కోడలి గొంతు మాత్రం కొద్దికొద్దిగా పైకి లేచేది.

ఈలోగా ఎవరో మా ఆఫీసరుగారికి చెప్పారు. నందిగామ ఆఫీసుకు పిలిపించారు. మంచి మనిషే, కాకపోతే నియమాల మనిషి.

"ఏంటమ్మా ఇది? ప్రభుత్వం మనల్ని సీరియళ్ళు చూపించమని పెట్టిందా? రేపు పరీక్షలో వాచకంలోవే వస్తాయి కదా?"

"హాజరు పెరిగింది సార్. రాస్తున్నారు కూడా. ఆ కోడలికి తోటికోడలు చేసిన మోసం మీద..."

"తోటికోడలు కాదమ్మా, ఆడపడుచు" అన్నారాయన ఠక్కున.

అని ఆగిపోయారు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆయన ఫైలు తిరగేశారు. కాసేపటికి, "ఇంట్లో మా ఆవిడ పెడుతుంది, చెవిన పడుతుంది" అని, ఇంకాసేపటికి, "సరే, వాచకం కూడా వదలకండి" అని పంపేశారు.

పత్తి తీతలు అయిపోయి మిర్చి కోతలు మొదలయ్యాయి. కాయలు కోసిన చేతులు మండుతుంటే బలపం పట్టుకోలేక, కొబ్బరినూనె రాసుకుని వచ్చి కూర్చునేవాళ్ళు. ఆ రోజుల్లోనే నెమ్మదస్తురాలు బడికి రావడం మానేసింది. వేడి చేసిందట, నీరసంగా ఉందట అని రకరకాలుగా చెప్పారు. ఒకరోజు పొద్దున్నే టీచరమ్మ ఫోను చేసింది.

"మేడం, ఆమెకి చానా రోజుల నించి బ్లీడింగ్ ఆగట్లేదంటండి. ఊళ్ళో సూదులేసే ఆయన పట్నంలో ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోయి స్కానింగు తీయించాడంట. గర్భసంచి తీసెయ్యాలంట. ఈ రోజే జాయినవుతున్నారు. వాళ్ళాయన కూడా సరే అన్నాడు. ఆమె మాత్రం పెద్దత్తకి ఫోను చేసి ఏడుస్తందండి. మేం బయల్దేరుతున్నాం."

నేను జగ్గయ్యపేటలో ఉన్నాను. బస్సెక్కి నేరుగా అక్కడికే వెళ్ళాను. ఏ పట్నమో, ఏ ఆసుపత్రో ఇక్కడ అనవసరం.

పెద్దత్త, టీచరమ్మ నాకంటే ముందే చేరుకున్నారు. వరండా బల్ల మీద నెమ్మదస్తురాలు ఒళ్ళంతా తెల్లగా పాలిపోయి కూర్చుని ఉంది. పక్కన భర్త నిలబడి ఉన్నాడు. క్వారీ నుంచి అలాగే వచ్చేసినట్టున్నాడు, చెప్పుల మీద తెల్ల దుమ్ము ఇంకా ఉంది. చెడ్డవాడు కాదు, భయపడ్డవాడు.

"కాన్సరవుద్దంటన్నారు మేడంగారూ. పిల్లలు చిన్నోళ్ళు. నేనేం చెయ్యను?" అన్నాడు నాతో.

నేను డాక్టర్ని కాను. ఆసుపత్రిలో డాక్టరు చెప్పింది నిజమే కావచ్చు. ఆ ఆపరేషన్ నిజంగానే అవసరం కావచ్చు. ఆడవాళ్ళ చేత సీను రాయించి, ఇక్కడ నిజం ఆసుపత్రిలో ఆమె ప్రాణం మీదికి తెస్తున్నామా అని నాకు భయమేసింది.

పిలుపు వచ్చింది. ఇద్దరికే అనుమతి అన్నారు. పెద్దత్త వినలేదు. అందరం లోపలికి వెళ్ళాం. డాక్టరు నడివయసాయన. బల్ల మీద అంగీకార పత్రం సిద్ధంగా ఉంది. నర్సు ఇంకు ప్యాడు మూత తీసి నెమ్మదస్తురాలి వైపు జరిపింది.

ఆమె బొటనవేలు చాపలేదు. పెదాలు కదిలాయి కానీ మాట రాలేదు.

మాటలు నా నాలుక చివరిదాకా వచ్చాయి. నేను టీచరుని, ఆయన నాతో మర్యాదగా మాట్లాడతాడు, అది నాకు తెలుసు. కానీ నేను నోరు తెరిస్తే ఇక ఆయన నాతోనే మాట్లాడతాడు. ఆమె మళ్ళీ మూలకు వెళ్ళిపోతుంది. నా ఉద్యోగ జీవితంలో అంత కష్టపడి ఎప్పుడూ నోరు మూసుకోలేదు.

అప్పుడు పెద్దత్త, తను బడిలో అనే గొంతుతోనే, "గట్టిగా మాట్లాడమ్మా, వినపడట్లా" అంది.

నెమ్మదస్తురాలు తల ఎత్తింది. ఆమె ముఖంలో ఏదో మారింది. నవ్వు కాదు, నవ్వుకు పక్కనుండేది.

"నాకేమైందండీ?"

డాక్టరు ఆశ్చర్యంగా చూశాడు. "చెప్పాను కదమ్మా మీ ఆయనకి. గడ్డలున్నాయి."

"మందులతో తగ్గదా అండీ?"

"మందులు వాడి వాడి చివరికి ఇక్కడికే వస్తారు."

"ఇప్పుడే చెయ్యకపోతే ఏమైద్దండీ?"

"ఏమైనా అవ్వొచ్చు. ముదిరాక వస్తే నన్నడక్కండి." ఆయన భర్త వైపు తిరిగాడు. "ఏమయ్యా, నిన్న సరే అన్నావు కదా?"

భర్త భార్య వైపు చూశాడు. బహుశా ఆమె అన్ని మాటలు వరసగా మాట్లాడటం ఆయన కూడా ఎప్పుడూ విని ఉండడు.

"దాన్ని అడగనీండి సార్" అన్నాడు.

"ఇంకో డాక్టరుగారికి చూపించుకుని రావచ్చా అండీ?" అని ఆమె చివరిది అడిగేసింది. అని కుర్చీ అంచు గట్టిగా పట్టుకుంది.

"ఎవరు నేర్పారమ్మా ఇవన్నీ?"

"మా బళ్ళోనండి."

డాక్టరు వేరే కాగితం తీసి, వద్దని వెళ్ళిపోతున్నారు కాబట్టి తమ బాధ్యత లేదని రాయించి సంతకం చేయమన్నాడు. నెమ్మదస్తురాలు ఆ కాగితాన్ని దగ్గరికి తీసుకుంది. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదవడం మొదలుపెట్టింది. డాక్టరు గడియారం చూశాడు. నర్సు బరువు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మార్చింది. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఆమె గొణుగుడే వినిపిస్తోంది. చదవడం పూర్తయ్యాక కలం అడిగి, కింద వంకర టింకర అక్షరాలతో ఒక వాక్యం రాసింది. 'వద్దని కాదు. వేరే డాక్టరుగారికి చూపించుకుంటాను.' దాని కింద సంతకం చేసింది.

బయటికి రాగానే ఆమెను మెట్ల మీద కూర్చోబెట్టి నీళ్ళు తాగించాం.

మర్నాడు పొద్దున్నే నందిగామ ప్రభుత్వాసుపత్రిలో లేడీ డాక్టరుగారి దగ్గర నిలబడ్డాం. ఆమె పరీక్ష చేసి, స్కానింగు చూసి, నెమ్మదిగా చెప్పింది. గడ్డలు ఉన్న మాట నిజం, కానీ చిన్నవి. కాన్సర్ లక్షణాలేమీ కనిపించడం లేదు. ముందు బ్లీడింగ్ తగ్గాలి, ఒంట్లో రక్తం పెరగాలి. మందులు వాడి మళ్ళీ రండి. తగ్గకపోతే అప్పుడు ఆపరేషన్ మాట ఆలోచిద్దాం, అది కూడా మీకు చెప్పే చేస్తాం.

నెమ్మదస్తురాలు ఏడ్చింది. భర్త తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. అందరం దండం పెట్టి బయటికి వస్తున్నాం. పెద్దత్త మాత్రం గుమ్మం దగ్గర ఆగిపోయింది.

"మీరు పదండి" అంది మాతో. నేను ఆగాను. ఆమె నన్ను చూసి, పోనీలే అన్నట్టు మళ్ళీ లోపలికి నడిచింది.

"అమ్మా, నాదొక మాట. నాకు నెలసరి ఆగిపోయి చానా ఏళ్ళయింది. అయినా ఈ మజ్జన అప్పుడప్పుడు కనపడతంది. ఈ వయసులో ఏందిదని సిగ్గేసి ఎవరికీ చెప్పలా."

లేడీ డాక్టరుగారు చేతిలో కలం కింద పెట్టింది. "ఎప్పటి నుంచమ్మా?"

"పత్తి తీతలప్పటి నించి."

అంటే మెడలో తువ్వాలు వేసుకుని డాక్టరు వేషం కట్టినప్పటి నుంచి. ఊరందరి చేతా ప్రశ్నలు అడిగించి, కసిరి, నవ్వించిన మనిషి తన ప్రశ్న మాత్రం అన్నాళ్ళూ కొంగున ముడేసుకుంది. నాకు ఆమె ముఖంలోకి చూడటం కష్టమైంది.

విజయవాడ పంపించారు. పరీక్షలు చేశారు. ఆమెది నిజంగానే కాన్సర్. అయితే ఇంకా ఎక్కడికీ పాకలేదు. అక్కడి డాక్టర్ల ముందు కూడా పెద్దత్త వరస తప్పలేదని, తోడు వెళ్ళిన టీచరమ్మ చెప్పింది.

"మందులతో తగ్గదా అండీ?"

"తగ్గదమ్మా."

"ఇప్పుడే చెయ్యకపోతే ఏమైద్ది?"

"పాకుతుంది. ఇప్పుడైతే పూర్తిగా తీసేయగలం."

"అయితే ఏదీ, కాయితం ఇటివ్వండి."

అవే ప్రశ్నలు. ఒకామెకు ఆపరేషన్ తప్పించాయి, ఒకామెను సమయానికి ఆపరేషన్ బల్ల ఎక్కించాయి. సీరియల్ చూసి డాక్టర్లందరూ మోసగాళ్ళని మా వాళ్ళు అనుకుంటారేమోనని నాకు లోపల భయం ఉండేది. పెద్దత్త ఆ భయం తీర్చేసింది.

ఆమె ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ బడి ఆమె ఇంట్లోనే నడిచింది. తాళంచెవి ఇచ్చి వెళ్ళింది. వెళ్తూ ఒకటే షరతు పెట్టింది, సీరియల్లో ఏమైందో రోజూ తనకు తెలియాలి. రాత్రిపూట వార్డులో ఫోన్లో మాట్లాడనివ్వరు. అందుకని రోజూ సీరియల్ అయ్యాక మా వాళ్ళు తలా రెండు వాక్యాలు కాగితం మీద రాసేవాళ్ళు. టీచరమ్మ ఫోటో తీసి ఆమె ఫోనుకు పంపేది. ఆడపడుచు దొరికిపోయింది. డాక్టరు పారిపోయాడు. కోడలు మళ్ళీ ఏడిచింది, మాకు చిరాకేసింది. వాచకం చేతికిస్తే ఆవలించే మనుషులు, పెద్దత్తకు అర్థం కావాలని కొట్టేసి మళ్ళీ రాసేవాళ్ళు. అక్కడ పెద్దత్త వాటిని పైకి చదువుతుంటే పక్క మంచాల వాళ్ళు కూడా చెవులు అప్పగించేవాళ్ళట.

ఆ కాగితాలు కొన్ని తీసుకెళ్ళి మా ఆఫీసరుగారికి చూపించాను. చివరిదాకా చదివి, "మొన్న శుక్రవారంది లేదేంటమ్మా?" అని అడిగారు. పరీక్ష మాట ఎత్తలేదు. పరీక్ష కూడా వచ్చింది, అందరూ రాశారు, ఎక్కువమంది పాసయ్యారు. అది నాకంత గుర్తులేదు.

ఆ సీరియల్ ఎలా ముగిసిందో చెప్తే మీరు నమ్మరు. ఆపరేషన్ అయింది కోడలికి కాదట, అచ్చం ఆమెలాగే ఉండే ఇంకొకామెకట! మా వాళ్ళు టీవీ కట్టేసి, "ఈమాత్రం మనమే బాగా రాస్తాం" అన్నారు. రాశారు కూడా. ఆ తర్వాత వచ్చిన సీరియల్లో పొలం కాగితాల గొడవ వచ్చింది. అప్పుడు పాసుపుస్తకం, అడంగల్ అన్న మాటలు బోర్డెక్కాయి. మిర్చికి వచ్చే తెగులు మీద టీవీలో చెప్పిందాన్ని కూడా ఒకరోజు గట్టిగా విమర్శించారు. టీవీ చెప్పినదల్లా నమ్మే అలవాటు ఆ ఇంట్లోంచి మెల్లగా వెళ్ళిపోయింది. చూడటం మానలేదు. చూస్తూ అడగడం వచ్చింది.

మీకు నేను చెప్పగలిగిందల్లా ఇదే. జనం ఎక్కడ కూర్చుని ఉన్నారో అక్కడికి మీరు వెళ్ళండి. వాళ్ళు దేని గురించి గొంతు చించుకుంటున్నారో వినండి. బలపం తర్వాత తీయొచ్చు.

నెమ్మదస్తురాలు మందులు వాడింది. బ్లీడింగ్ తగ్గింది, ముఖంలోకి రంగు వచ్చింది. రెండోసారి పరీక్షకు నందిగామ వెళ్ళినప్పుడు ఎవరి తోడూ లేకుండా, బస్సు బోర్డు తనే చదువుకుని వెళ్ళింది.

పెద్దత్త తిరిగి వచ్చిన సాయంత్రం నేను కూడా ఆ ఊరు వెళ్ళాను. చిక్కిపోయింది కానీ గొంతు చిక్కలేదు. ఆ రోజు టీవీ పెట్టలేదు. అందరూ ఆమె మంచం చుట్టూ చేరారు. ఆమె తన కథ మొదలుపెట్టింది. అంబులెన్సు, విజయవాడ, వార్డులో పక్క మంచం ఆమె గురక, ఆపరేషన్‌కి తీసుకెళ్తుంటే పైన వరసగా వెళ్ళిపోతున్న లైట్లు, ముక్కు మీద పెట్టిన మాస్కు. "లోపల ఏందో చల్లగా అనిపించింది. కళ్ళు మూతలు పడతన్నాయి. డాక్టరమ్మ నా మీదికి వంగి ఏదో అంది..." అని ఆపేసింది.

"తర్వాత?" అన్నారందరూ.

"తర్వాతది బోర్డు మీద రాస్తా. చదువుకోండి."

టీచరమ్మ బోర్డు తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టింది. పెద్దత్త సుద్దముక్కతో పెద్ద పెద్ద అక్షరాలు రాసి, బోర్డు మా వైపు తిప్పింది.

'బతికొచ్చా.'

ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్న మనిషి బతికొచ్చిందని తెలియనట్టు అందరూ చప్పట్లు కొట్టారు. ఇల్లంతా నవ్వు. టీచరమ్మ కళ్ళు తుడుచుకుంది. కాసేపటికి ఒక్కొక్కళ్ళే లేచి వంటలు చేసుకోవాలని వెళ్ళిపోయారు.

నేను ఆటో కోసం బయట నిలబడ్డాను. ఎప్పుడూ వెనక వరసలో కూర్చుని నవ్వడం తప్ప మాట్లాడని ఒక నడివయసు ఆమె వెళ్ళినట్టే వెళ్ళి, సందు మలుపు దగ్గర ఆగి వెనక్కి వచ్చింది. అటూ ఇటూ చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అడిగింది.

"మేడంగారూ, ఆ నందిగామ లేడీ డాక్టరుగారు ఏయే రోజుల్లో ఉంటారండీ?"